ఫ్యూజు చెప్పిన మాట
(మా ఊరి తెలుగు సంఘం పెద్దల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"రిటైరైన తర్వాత కాలక్షేపం" అనే విషయం మీద నలుగురం తలా పదిహేను నిమిషాలు మాట్లాడాలని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నాకంటే ముందు మాట్లాడినవారిలో ఒకరు భాగవతం గురించి, ఒకరు పెరట్లో గోంగూర పెంపకం గురించి చక్కగా చెప్పారు. నా కాలక్షేపానికి అంత పుణ్యమూ లేదు, అంత రుచీ లేదు. నాది ఒక పాత మోటర్‌హోమ్. దాని కరెంటు సంగతి చెప్తాను. మీలో చాలామంది పిల్లల పెళ్ళిళ్ళు చేసి, ఇల్లు చిన్నది చేసుకుని, ఇలాంటి బండి ఒకటి కొని అమెరికా అంతా చూద్దామనుకుంటున్నారని నాకు తెలుసు. ఫోన్లు వస్తున్నాయి కదా! అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు నా అర్హత చెప్పుకోవాలి. 1972లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పూర్తయ్యాక నరసరావుపేట ప్రాంతంలో విద్యుత్తు బోర్డులో ఏడేళ్ళు పనిచేశాను. 1979లో ఇక్కడికొచ్చి, ఒహాయోలో ఒక ఫ్యాక్టరీలో కరెంటు పనులే చూస్తూ 2015లో రిటైరయ్యాను. అంటే నలభై మూడేళ్ళు కరెంటుతో కాపురం. అంత అనుభవం ఉన్నవాణ్ణి కాబట్టి పొరపాటు చెయ్యనని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను.

2016 వసంతంలో 28 అడుగుల పాత బండి కొన్నాను. 1994లో తయారైంది. ముందు డ్రైవరు క్యాబిన్, దాని నెత్తిమీద ఒక అటక లాంటి పడక, వెనక వంటిల్లు, బాత్‌రూము. మా ఆవిడ దాన్ని చూసి, "బాగుందండీ, అత్తారింటి నుంచి ఎడ్లబండి మీద పుట్టింటికి వెళ్ళినట్టుంది" అంది. ఇంజను బాగుంది, టైర్లు కొత్తవి వేయించాను. కరెంటు సంగతి నాకు తెలిసిందే కదా అని పట్టించుకోలేదు. వైద్యుడింట్లోనే రోగం ముదురుతుంది.

ఈ బండ్లలో కరెంటు ఎలా ఉంటుందో రెండు ముక్కల్లో చెప్తాను. ఇందులో రెండు కాపురాలుంటాయి. ఒకటి 120 వోల్టుల ఎ.సి. క్యాంప్‌గ్రౌండులో స్తంభానికి తీగ తగిలిస్తే వచ్చేది, లేదా జనరేటర్ ఇచ్చేది. ఎయిర్ కండిషనర్, మైక్రోవేవ్, గోడ ప్లగ్గులు దీని మీద నడుస్తాయి. రెండోది 12 వోల్టుల డి.సి. ఇది బాటరీ నుంచి వస్తుంది. దీపాలు, నీళ్ళ పంపు, ఫర్నేస్ పంఖా, గ్యాస్ కనిపెట్టే అలారం, ఇవన్నీ దీని సంతానం. ఫ్రిజ్ గ్యాస్ మీద నడుస్తున్నా దాని బుర్రకు మాత్రం 12 వోల్టులు కావాలి. ఈ రెండు కాపురాలకూ వియ్యం కలిపేది కన్వర్టర్. మన ఊళ్ళో అందరికీ తెలిసింది ఇన్వర్టర్. బాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మారుస్తుంది. కన్వర్టర్ తిరగేసిన పని చేస్తుంది. స్తంభం కరెంటును 12 వోల్టులుగా మార్చి బాటరీని నింపుతుంది. ఇవి కాక ఇంజను స్టార్టు చెయ్యడానికి వేరే బాటరీ ఉంటుంది.

ఆ జూన్‌లో మేమిద్దరం, మా అబ్బాయి పిల్లలిద్దరూ బయల్దేరాం. మనవరాలికి తొమ్మిదేళ్ళు, మనవడికి ఆరు. ఎల్లోస్టోన్ చూపిస్తానని మాటిచ్చాను. మూడో రాత్రి సౌత్ డకోటాలో బ్యాడ్‌లాండ్స్ దగ్గర, స్తంభం లేని చోట ఆగాం. పగలంతా ఎండ, రాత్రి చలి. రెండు గంటలకు ఫర్నేస్ పంఖా తిరుగుతోంది గానీ చల్లగాలి వస్తోంది. కాసేపటికి అదీ ఆగింది. పిల్లలకు ఉన్న దుప్పట్లన్నీ కప్పి తెల్లారేదాకా కూర్చున్నాం.

"బాటరీలు ముసలివి" అని తీర్పు చెప్పాను. మర్నాడు రాపిడ్ సిటీలో సుమారు మూడు వందల డాలర్లు పెట్టి రెండు కొత్త బాటరీలు కొన్నాను. ఆ రాత్రి మళ్ళీ చల్లగాలే. "అయితే కన్వర్టరే దొంగ" అన్నాను. మా ఆవిడ, "దొంగను పట్టుకునే ముందు చూశారా, అనుకున్నారా?" అని అడిగింది. నేను వినిపించుకోలేదు.

ఇంతలో ఇంకో తంటా. క్యాబిన్ మీద అటకలో పిల్లలు పడుకునేచోట చిన్న దీపం, చిన్న పంఖా ఉన్నాయి. వాటి ఫ్యూజు పోవడం మొదలైంది. రోడ్డు మీద కుదుపు వస్తే చాలు, టప్! అది 15 ఆంపుల నీలం ఫ్యూజు. మొదటిసారి మరో నీలం వేశాను. అదీ పోయింది. ఇంకోటి. అదీ పోయింది. నా డబ్బాలో నీలాలు అయిపోయాయి. 30 ఆంపుల ఆకుపచ్చవి మాత్రం ఉన్నాయి. పిల్లలు పంఖా కావాలంటున్నారు, చీకటి పడుతోంది, అంగడి నలభై మైళ్ళ దూరం. "రేపు మారుద్దాంలే" అని ఆకుపచ్చది వేసేశాను. పంఖా తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ రేపు రెండు రోజులైంది. నేను మర్చిపోయాను.

మూడో రాత్రి వయోమింగ్‌లో ఉన్నాం. అర్ధరాత్రి దాటాక మనవరాలు పైనుంచి పిలిచింది. "తాతయ్యా, గోడ వేడిగా ఉంది."

లేచేసరికి వాసన నా ముక్కుకు తగిలింది. కరెంటు పని చేసినవాడికి ఆ వాసన పరిచయం అక్కర్లేదు. ముందు పిల్లల్నిద్దర్నీ కిందికి దింపి మా ఆవిడతో బయటికి పంపాను. బాటరీ దగ్గర తీగ విప్పేశాను. మంటలార్పే సీసా చేత్తో పట్టుకుని తెల్లారేదాకా ఆ గోడ పక్కనే కూర్చున్నాను. మంట రాలేదు. భగవంతుడి దయ అనండి, మనవరాలికి నిద్ర పట్టకపోవడం అనండి.

వెలుతురొచ్చాక గోడ పలక విప్పి చూశాను. నాకంటే ముందు ఆ బండి వాడినవారెవరో అక్కడ టీవీ బిగించడానికి ఒక మర కొట్టారు. ఆ మర సరిగ్గా తీగ పక్కనుంచి పోయింది. ఏళ్ళ తరబడి కుదుపులకు ఒరుసుకుని తీగ తొడుగు చిరిగింది. బండి ఊగినప్పుడల్లా తీగ మరకు, మర ఇనప చట్రానికి తగిలి షార్టవుతోంది. నీలం ఫ్యూజు ప్రతిసారీ తన ప్రాణం ఇచ్చి నాకు చెప్తోంది: ఇక్కడేదో తప్పుంది, చూడు అని. నేను దాని నోరు మూసేసి, దాని స్థానంలో ఏమీ చెప్పనిదాన్ని పెట్టాను. ఆ తీగ 14 గేజిది, 15 ఆంపులు మొయ్యడానికి వేసింది. 30 ఆంపుల ఫ్యూజు పోయేలోపల తీగే ఫ్యూజవుతుంది. వెనక ప్లైవుడ్ అరచేతి మేర నల్లబడింది. ఆ పలకకు ఇవతల పరుపు. పరుపు మీద పిల్లలు.

ఇదిగో, ఆ తీగముక్క తెచ్చాను. చేతులు మార్చుకుంటూ చూడండి. తొడుగు ఎలా కరిగిందో చూడండి.

అప్పుడు మా ఆవిడ ఒక మాట అంది. "ఏమండీ, నరసరావుపేటలో రైతుల్ని ఎందుకు తిట్టేవారో గుర్తుందా?"

గుర్తులేకేం! మిరప తోటలకు నీళ్ళు పెట్టే రోజుల్లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పోయేవి. రైతులు మా లైన్‌మన్ కోసం చూడకుండా, ఇంత లావు తీగ రెండు పేటలు మెలేసి కట్టేసేవారు. నేను జీపు దిగి, "ప్రాణాలు పోతాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, బుద్ధి లేదా?" అని కేకలేసేవాణ్ణి. ఒక పెద్దాయన ఒకసారి అన్నాడు: "ఇంజినీరుగారూ, ఫ్యూజు కోసం చూస్తే తోట ఎండిపోద్దండీ. మీకేం, జీతం వస్తది." ఆయనకు తోట ఎండుతోంది. నాకేం ఎండుతోంది? అంగడి నలభై మైళ్ళు, అంతే. ఆయన చదువుకోలేదు, నేను చదువుకున్నాను. చేసిన పని మాత్రం ఒకటే. ఆయనకు నేను క్షమాపణ చెప్పుకోవలసి ఉంది. ఇక్కడినుంచే చెప్తున్నాను.

ఇల్లు చేరాక బుద్ధిగా మల్టీమీటర్ తీశాను. ఇరవై, ముప్ఫై డాలర్ల పరికరం. ప్రయాణమంతా అది సొరుగులోనే ఉంది! ఫర్నేస్ వేసి బాటరీ దగ్గర కొలిచాను: 12.5 వోల్టులు. ఫర్నేస్ దగ్గర కొలిచాను: 10.7. అంటే దారిలో 1.8 వోల్టులు ఎవరో మింగేస్తున్నారు. మీటరు ఒక ముల్లు బాటరీ నెగటివ్ బొడిపె మీద, ఇంకో ముల్లు బండి ఇనప చట్రం మీద పెట్టాను. అక్కడ దాదాపు సున్నా ఉండాలి; ఒకటి రెండు పదో వంతులకు మించితే తప్పే. నాకు 1.6 కనిపించింది. దొంగ దొరికాడు!

బాటరీ నెగటివ్ తీగ చట్రానికి కలిసేచోట ఒక బోల్టు ఉంటుంది. ఇరవై రెండు చలికాలాల ఉప్పునీళ్ళు తాగి అది తుప్పుముద్దయింది. ఫర్నేస్ పంఖా ఏడెనిమిది ఆంపులు లాగుతుంది. తుప్పులోంచి అంత కరెంటు పోవాలంటే వోల్టేజి పడిపోతుంది. పంఖా వేగం తగ్గుతుంది. ఫర్నేస్‌లో ఒక చిన్న రేకు ఉంటుంది. గాలి చాలినంత వేగంగా తోస్తేనే అది లేచి స్విచ్ పడుతుంది, అప్పుడే గ్యాస్ తెరుచుకుంటుంది. గాలి చాలక రేకు లేవలేదు, గ్యాస్ రాలేదు, చల్లగాలే మిగిలింది. ఫర్నేస్ తప్పు లేదు, పాత బాటరీల తప్పూ లేదేమో. తీగ బ్రష్షుతో చట్రం మెరిసేదాకా రుద్ది, కొత్త లగ్గు, కొత్త బోల్టు వేసి, పైన తుప్పు పట్టకుండా గ్రీజు పూశాను. ఖర్చు ఆరు డాలర్లు. గోటితో పోయేదానికి గొడ్డలి వెతికాను.

కాబట్టి నా మొదటి మనవి. పాత బండిలో ఏది పనిచెయ్యకపోయినా ముందు కొనకండి, కొలవండి. వస్తువు నడుస్తుండగా కొలవండి, ఎందుకంటే ఊరికే ఉన్నప్పుడు తుప్పు బోల్టు కూడా 12 వోల్టులే చూపిస్తుంది. తప్పు చాలాసార్లు వస్తువులో ఉండదు, అతుకులో ఉంటుంది. గ్రౌండ్ బోల్టులు, ఫ్యూజు పెట్టెలో వదులైన మరలు, పాతవారు మెలితిప్పి టేపు చుట్టిన తీగలు, ఈ మూడూ వరసగా చూసుకుంటూ రండి. చేసింది ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఏ ఫ్యూజు దేనిదో, ఏ తీగ ఎటు పోతుందో రాస్తే అదే మీ బండి జాతకం.

రెండో మనవి. ఫ్యూజును తీగను బట్టి వెయ్యాలి, అవసరాన్ని బట్టి కాదు. 14 గేజికి 15, 12 గేజికి 20, 10 గేజికి 30. ఫ్యూజు రెండోసారి పోతే అది వస్తువు కాదు, వార్త. ఇప్పుడు నా డబ్బాలో ప్రతి రంగూ పదేసి ఉంటాయి.

ఇక స్తంభం సంగతి. క్యాంప్‌గ్రౌండు స్తంభంలో సాధారణంగా రెండు రకాలుంటాయి. 30 ఆంపులది 120 వోల్టులే. మొత్తం 3,600 వాట్లు. 50 ఆంపుల దాంట్లో 120 వోల్టుల తీగలు రెండు. మొత్తం 12,000 వాట్లు. 30 ఆంపుల బండిలో ఎయిర్ కండిషనర్, మైక్రోవేవ్, కరెంటు వాటర్ హీటర్ మూడూ ఒకేసారి వేస్తే బ్రేకరు పడుతుంది. పడనివ్వండి, అది దాని ధర్మం. ఇంటి దగ్గర బండికి ప్లగ్గు పెట్టించుకునేవారు మాత్రం బాగా గుర్తుంచుకోండి. 30 ఆంపులు అనగానే కొందరు ఎలక్ట్రీషియన్లు బట్టలారబెట్టే యంత్రానికి వేసినట్టు 240 వోల్టులు వేసేస్తారు. నా మిత్రుడొకరింట్లో అదే జరిగింది. ఒక్క నిమిషంలో మైక్రోవేవ్, కన్వర్టర్ రెండూ పోయాయి. "మోటర్‌హోమ్‌కు, 120 వోల్టులు" అని కాగితం మీద రాసి చేతికివ్వండి. తగిలించే ముందు మీటరుతో చూడండి.

వేసవిలో అందరూ ఎ.సి.లు వేస్తే క్యాంప్‌గ్రౌండులో వోల్టేజి పడిపోతుంది. మన పల్లెల్లో లో-వోల్టేజికి పంపు మోటార్లు కాలిపోయేవి, గుర్తుందా? వోల్టేజి తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. ఇక్కడ ఎ.సి. కంప్రెసర్‌కూ అదే గతి. స్తంభానికీ బండికీ మధ్య పెట్టే రక్షణ పెట్టెలున్నాయి. మంచిరకానివి వోల్టేజి 104 కంటే తగ్గినా, న్యూట్రల్ తెగినా, తీగలు తారుమారైనా కరెంటు ఆపేస్తాయి. నేను కొన్న వస్తువుల్లో ఇది ముందు కొనవలసింది.

ఇన్ని సరిచేశాకే కొత్త హంగులు. నేను చేసిన వరస చెప్తాను. మొదట దీపాలు. పాత బల్బు ఒక్కోటి ఒకటిన్నర ఆంపులు తినేది. పది వెలిగిస్తే 15 ఆంపులు. ఎల్.ఇ.డి. వేశాక పదీ కలిపి రెండు ఆంపులు. ఇంతకంటే చవకైన బాటరీ లేదు.

తర్వాత కన్వర్టర్. 1990ల నాటి పాత కన్వర్టర్లు చాలావరకు ఎప్పుడూ ఒకే వోల్టేజి పోస్తూ ఉంటాయి. బాటరీ ఆకలిగా ఉన్నప్పుడు చాలదు, నిండాక ఆపదు, నెలల తరబడి తగిలించి ఉంచితే బాటరీలో నీళ్ళు మరిగిపోతాయి. కొత్తవి మొదట 14.4తో గబగబా నింపి, తర్వాత 13.6కు, ఊరికే ఉన్నప్పుడు 13.2కు దిగుతాయి. ఆకలిని బట్టి వడ్డించే తల్లిలాగన్నమాట.

ఆ తర్వాత బాటరీ. సీసం బాటరీ కాస్త విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.7 చూపిస్తే నిండినట్టు, 12.2 చూపిస్తే సగం. సగం కంటే కిందికి తరచూ దించితే దాని ఆయుష్షు తరుగుతుంది. నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. 2021లో నేను లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు మారాను. బరువు సగం కంటే తక్కువ, ఉన్నదాంట్లో దాదాపు అంతా వాడుకోవచ్చు. కానీ మూడు షరతులు. గడ్డకట్టే చలిలో, అంటే 32 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువలో దాన్ని చార్జి చెయ్యకూడదు. కన్వర్టర్ దానికి తగినదై ఉండాలి. ఇంజను ఆల్టర్నేటర్ నుంచి నేరుగా కలపకూడదు, అది ఆబగా లాగితే ఆల్టర్నేటర్ మాడిపోతుంది, మధ్యలో డి.సి. నుంచి డి.సి. చార్జర్ ఉండాలి. ఏ బాటరీ అయినా దాని పాజిటివ్ బొడిపెకు దగ్గర్లోనే పెద్ద ఫ్యూజు ఉండాలి.

చివర్లో సోలార్. కప్పు మీద 200 వాట్ల పలకలు వేశాను. మంచి వేసవి ఎండలో రోజుకు 12 వోల్టుల దగ్గర 50 ఆంప్ అవర్ల దాకా వస్తాయి. దీపాలకు, పంపుకు, ఫర్నేస్ పంఖాకు చాలు. ఎ.సి.కి చాలదు. ఎవరైనా చాలుతుందంటే నవ్వి ఊరుకోండి.

12 వోల్టులంటే షాకు కొట్టదని చులకన చెయ్యకండి. షాకు కొట్టదు, ఇల్లు తగలబెడుతుంది. 120 వోల్టుల పని అలవాటు లేనివారు లైసెన్సున్నవారితోనే చేయించుకోండి, సిగ్గుపడకండి. పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం, గ్యాస్ అలారం వెనక తేదీ ముద్రించి ఉంటుంది. వాటి ఆయుష్షు ఏళ్ళలోనే. మూత విప్పి చూడండి. నా బండిలో ఉన్నవి 1994వే!

ఎల్లోస్టోన్ చూశారా అని అడుగుతారేమో. చూశాం. ఆ తీగ కత్తిరించి, చివర టేపు చుట్టి, ఆ అటక దీపం లేకుండానే వెళ్ళాం. పిల్లలు మా మధ్య పడుకున్నారు. తిరిగొచ్చాక మా అబ్బాయికి జరిగింది జరిగినట్టు చెప్పాను. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్నా, ఈసారి బయల్దేరేముందు ఇద్దరం కలిసి చూద్దాం" అన్నాడు. అప్పటినుంచి ఏటా మేలో వాడొస్తాడు. ఒకరు మీటరు పట్టుకుంటారు, ఒకరు నోటుపుస్తకం పట్టుకుంటారు. నలభై మూడేళ్ళ ఉద్యోగంలో నేను వాడితో గడపని శనివారాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్ని ఆ బండి కింద పడుకుని తిరిగి సంపాదించుకున్నాను.

నాకిచ్చిన పదిహేను నిమిషాలు దాటినట్టున్నాయి. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. అది కూడా ఒక ఫ్యూజే, గౌరవించాలి. ఆ తీగముక్క ఎవరి దగ్గరుందో దయచేసి తిరిగివ్వండి. బండిలో ఫ్యూజు పెట్టె పక్కనే దాని చోటు.